తండ్రికి షుగర్, బీపీ ఉంటే పుట్టబోయే బిడ్డపై ప్రభావం ఉంటుందా?

కోడలు నెల తప్పిందని తెలియగానే మన ఇళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. బొప్పాయి తినొద్దంటారు, మెట్లెక్కొద్దంటారు, స్కూటర్ మీద వెనక కూర్చోవద్దంటారు. ఐరన్ మాత్ర వేసుకుందా, రక్తపరీక్ష చేయించుకుందా, షుగర్ ఎంతుంది, బీపీ ఎంతుంది అని రోజూ అడుగుతారు. అడగవలసిందే. అయితే అదే ఇంట్లో అదే బిడ్డకు తండ్రి కాబోతున్న అబ్బాయి షుగర్ ఎంతో, బీపీ ఎంతో ఎవరూ అడగరు. ఆసుపత్రిలో అతని పని బిల్లు కట్టడం, కారు నిలపడానికి చోటు వెతకడం వరకే అనుకుంటాం.

మా సంఘం తరఫున ఏటా పెట్టే ఆరోగ్య శిబిరాల్లో ముప్పై, ముప్పై ఐదేళ్ల కుర్రవాళ్లకు షుగరో బీపీయో బయటపడడం ఇప్పుడు వింతేమీ కాదు. వాళ్లలో కొత్తగా పెళ్లయినవాళ్లున్నారు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లున్నారు. "దీనివల్ల పుట్టబోయే పిల్లలకు ఏమైనా అవుతుందా సార్?" అని పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు. మేము డాక్టర్లం కాము. అయినా ఇంతమంది అడిగే ప్రశ్నకు మన భాషలో ఒకచోట జవాబు ఉంటే మేలని, తెలిసిన డాక్టర్లను అడిగి, అచ్చయిన పరిశోధనల సారాంశం తెలుసుకుని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా రెండు ముక్కల్లో జవాబు చెప్పేస్తాం. తండ్రి దీర్ఘరోగం బిడ్డ మీద కొంత ప్రభావం చూపగలదు. ఆ ప్రభావం తల్లి ఆరోగ్యం చూపే ప్రభావం కంటే తక్కువ, ఎక్కువ మంది బిడ్డలు నిక్షేపంగా పుడతారు. కానీ అది సున్నా కాదు. పైగా ముందుగా తెలిస్తే చాలావరకు సరిచేసుకోగలిగినది.

ఇది మన ఇంటి విషయమే

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే అని భారత వైద్య పరిశోధనా మండలి అండతో జరిగిన పెద్ద సర్వే 2023లో తేల్చింది. షుగర్ అంచుల్లో ఉన్నవాళ్లు మరో 13 కోట్లకు పైనే. పెద్దవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి బీపీ ఎక్కువగా ఉందని కూడా ఆ సర్వే చెప్పింది. పల్లెల కంటే పట్నాల్లో ఇవి ఎక్కువ. రాత్రి షిఫ్టులు, గంటల తరబడి ట్రాఫిక్, కూర్చుని చేసే ఉద్యోగం, పన్నెండింటికి ఇంటికి తెప్పించుకునే బిర్యానీ ఉన్న బెంగళూరులో మన పిల్లలు దీనికి దూరంగా ఉంటారని అనుకోలేం.

పెళ్లిళ్లు కూడా ఆలస్యమవుతున్నాయి. మన తాతల కాలంలో షుగర్ కనబడే వయసుకు పిల్లలు కాలేజీకి వచ్చేసేవారు. ఇప్పుడు షుగర్ ముందే వస్తోంది, బిడ్డ ఆలస్యంగా వస్తోంది. అందుకే తండ్రి రోగమూ తల్లి గర్భమూ ఒకే సమయంలో ఒకే ఇంట్లో ఉండే పరిస్థితి మన తరానికి కొత్తగా ఎదురైంది.

ఇటువైపు మన దేశంలో 2020లో సుమారు 30 లక్షల మంది బిడ్డలు నెలలు నిండకుండా, అంటే 37 వారాలు పూర్తికాకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలుపంచుకున్న అంచనా చెబుతోంది. పుట్టిన ప్రతి వందమందిలో దాదాపు 13 మంది అన్నమాట. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టేవాళ్లు వందలో 18 మంది దాకా ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఈ బిడ్డల్లో చాలామంది తల్లి పక్కలోకి రాకముందే ఐసీయూలో రోజులు గడపాలి. కారణాలు అనేకం. వాటిలో తండ్రి వాటా ఎంతన్నదే ఇప్పుడు మన ప్రశ్న.

రిజిస్టర్లు చెప్పిన సంగతులు

మాది గుమాస్తా ఉద్యోగం. ఏళ్ల తరబడి రిజిస్టర్లు రాసినవాళ్లం కాబట్టి ఈ విషయంలో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నవి రిజిస్టర్లే. ఓపిగ్గా రాసిపెట్టిన జనన రికార్డుల నుంచే తండ్రి సంగతి బయటపడింది.

మొదటిది మన పక్కనున్న మైసూరుది. అక్కడి హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1934 నుంచి పుట్టిన బిడ్డల బరువు, పొడవు, తల చుట్టుకొలత రాసిపెట్టారు. ఆ పాత పుస్తకాల ఆధారంగా అక్కడి పరిశోధకులు ఎన్నో అధ్యయనాలు చేశారు. అక్కడే పుట్టి పెరిగి, తల్లిదండ్రులైనవారి పిల్లల బరువులు చూసినప్పుడు, తల్లి పుట్టినప్పటి బరువుతో పాటు తండ్రి పుట్టినప్పటి బరువుకు కూడా బిడ్డ బరువుతో సంబంధం కనిపించింది. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. అంటే బిడ్డ ఎంత బరువుతో పుడుతుందన్నది ఒక్క తల్లి తిన్న తిండి మీదే ఆధారపడి లేదు.

రెండోది నార్వే దేశపు జనన రిజిస్టరు. గర్భిణికి చివరి నెలల్లో బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయే ప్రమాదకరమైన స్థితి ఒకటుంది. డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. కాళ్లవాపులు, తలనొప్పి, ఒక్కోసారి ఫిట్స్ దాకా వెళ్తుంది. ఇది పూర్తిగా ఆడవాళ్ల సమస్యే అనుకుంటాం. ఒక స్త్రీతో బిడ్డను కన్నప్పుడు ఆమెకు ఈ స్థితి వచ్చి ఉంటే, అదే పురుషుడు తర్వాత మరో స్త్రీతో బిడ్డను కన్నప్పుడు ఆ రెండో ఆమెకు కూడా ఇది వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు దగ్గర ఉందని 1998లో అచ్చయిన నార్వే అధ్యయనం చూపింది. తల్లి మారినా ముప్పు అతని వెంట వచ్చింది.

మూడోది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులది. 2009 నుంచి 2016 దాకా జరిగిన సుమారు 7 లక్షల 85 వేల కాన్పుల బీమా రికార్డులను వాళ్లు పరిశీలించారు. బిడ్డ కడుపున పడకముందు తండ్రి ఆరోగ్యం ఎలా ఉందో చూశారు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, స్థూలకాయం, ఈ నాలుగింటిలో ఎక్కువ భాగం ఉన్న తండ్రుల బిడ్డలు నెలలు నిండకుండా పుట్టే అవకాశం 19 శాతం, తక్కువ బరువుతో పుట్టే అవకాశం 23 శాతం, నవజాత శిశువుల ఐసీయూలో చేరే అవకాశం 28 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2020లో వచ్చాయి. అదే బృందం సుమారు 9 లక్షల 58 వేల గర్భాలను చూసి, ఇలాంటి జబ్బులు ఎక్కువున్న తండ్రుల విషయంలో గర్భం నిలవకపోయే అవకాశం కూడా పెరిగిందని చెప్పింది.

శాతం చూసి బెదరవద్దు

19 శాతం ఎక్కువ అంటే వందమందిలో 19 మందికి అలా జరుగుతుందని కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఉదాహరణకు వందమంది బిడ్డల్లో 13 మంది నెలలు నిండకుండా పుడుతున్నారనుకుందాం. దాని మీద 19 శాతం పెరిగితే 15 లేదా 16 అవుతుంది. మిగిలిన 84 మందీ నెలలు నిండాకే పుడతారు. కాబట్టి షుగర్ ఉన్న అబ్బాయి "నాకు బిడ్డ వద్దు" అనుకోవలసిన పనే లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇలాంటి అధ్యయనాలు రెండు విషయాలు కలిసి కనిపిస్తున్నాయని చెబుతాయి గానీ, ఇది అందువల్లే జరిగిందని నూటికి నూరుపాళ్లు రుజువు చేయవు. మొగుడూ పెళ్లాం ఒకే వంట తింటారు, ఒకే గాలి పీలుస్తారు, ఒకే ఆర్థిక ఇబ్బంది పడతారు. పరిశోధకులు తల్లి వయసు, ఆమె జబ్బులు వంటివి లెక్కలోకి తీసుకున్నా, లెక్కకు అందనివి కొన్ని మిగులుతాయి. అయినా వేర్వేరు దేశాల రికార్డులు ఒకే దిక్కుకు వేలు చూపిస్తున్నాయి కాబట్టి పట్టించుకోవలసిన విషయమే.

తండ్రి జబ్బు బిడ్డ దాకా ఎలా చేరుతుంది?

బిడ్డను తొమ్మిది నెలలు మోసేది తల్లి. తండ్రి రోగం లోపలికి ఎలా వెళ్తుందన్న అనుమానం న్యాయమైనదే. డాక్టర్లు చెప్పే దారులు ముఖ్యంగా మూడు.

మొదటి దారి వీర్యకణం. షుగర్ అదుపులో లేనప్పుడు శరీరంలో కణాలను దెబ్బతీసే పదార్థాలు పెరుగుతాయి. వీర్యకణంలోని డీఎన్ఏ పోగులు తెగే ప్రమాదం ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో 2007లో అచ్చయిన చిన్న అధ్యయనంలో షుగర్ ఉన్న మగవాళ్లలో ఇలా దెబ్బతిన్న డీఎన్ఏ 53 శాతం దాకా ఉంటే, షుగర్ లేనివాళ్లలో 32 శాతం ఉంది. ఇక డీఎన్ఏ తెగకపోయినా, ఏ జన్యువు ఎంత పనిచేయాలో చెప్పే గుర్తులు కొన్ని వీర్యకణంతో వెళ్తాయి. స్థూలకాయం, పొగ, తిండి ఈ గుర్తులను మార్చగలవని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో చూశారు.

రెండో దారి మాయ. బిడ్డకు తల్లి రక్తం నుంచి తిండి, గాలి అందించే మాయ తల్లి శరీరంలో భాగమని మనం అనుకుంటాం. నిజానికి మాయలో ఎక్కువ భాగం బిడ్డతో పాటు పుట్టుకొచ్చేదే. అంటే అందులో తండ్రి జన్యువులు కూడా పనిచేస్తాయి. 1984లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో మాయ సరిగా ఎదగడానికి తండ్రి వైపు జన్యువులు ముఖ్యమని తేలింది. మన పెద్దవాళ్లు ముత్యాల గర్భం అనేది కూడా దీనికి నిదర్శనమే. ఒక రకం ముత్యాల గర్భంలో తండ్రి క్రోమోజోములు మాత్రమే ఉంటాయి. అప్పుడు బిడ్డ ఏర్పడదు, మాయకు సంబంధించిన కణజాలమే నీటిబుడగల గుత్తుల్లా పెరిగిపోతుంది. మాయ సరిగా పాతుకోకపోతే తల్లికి బీపీ పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం రెండూ జరగవచ్చు. ఇందాక చెప్పిన నార్వే సంగతికి ఇదొక కారణం కావచ్చని డాక్టర్ల అభిప్రాయం.

మూడో దారి ఇల్లు. తండ్రి కాల్చే బీడీ, సిగరెట్ పొగ గర్భిణి ఊపిరిలోకి పోతుంది, బిడ్డ బరువు తగ్గడానికి అదొక కారణం. తండ్రికి అంటురోగం ఉంటే అది తల్లికో, పుట్టాక బిడ్డకో సోకవచ్చు. తండ్రి దీర్ఘకాలం మంచాన పడితే చూలింత మీద పని భారం, డబ్బు భారం, మనోవ్యథ పడతాయి. ఈ మూడో దారి చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు, కళ్లతో చూస్తున్నదే.

ఒక అపోహ కూడా తీసేయాలి. తండ్రికి షుగర్ ఉంటే బిడ్డ షుగర్‌తో పుట్టదు. తల్లికి షుగర్ అదుపు తప్పితే పుట్టిన గంటల్లో బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోవచ్చు, అందుకే కాలి మడమలో గుచ్చి పరీక్షిస్తారు. తండ్రి షుగర్ వల్ల ఆ సమస్య రాదు. పెద్దయ్యాక ఆ బిడ్డకు షుగర్ వచ్చే అవకాశం మాత్రం కొంత ఎక్కువ. అది వేరే సంగతి, దానికి వేరే జాగ్రత్తలున్నాయి.

మూడు నెలల లెక్క

ఆడపిల్ల పుట్టినప్పుడే ఆమె అండాలన్నీ ఆమెలో ఉంటాయి. మగవాడి వీర్యకణాలు అలా కాదు. ఎప్పటికప్పుడు కొత్తవి తయారవుతూ ఉంటాయి. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, అది పక్వమై బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు. మొత్తం మూడు నెలలు అనుకోవచ్చు.

ఈ వ్యాసంలో మాకు ఎక్కువ ధైర్యం ఇచ్చే మాట ఇదే. ఈరోజు షుగర్ అదుపులోకి తెచ్చుకుని, సిగరెట్ మాని, రోజూ నడక మొదలుపెట్టిన అబ్బాయికి మూడు నెలల తర్వాత తయారుగా ఉండేవి ఈ మంచి రోజుల్లో పుట్టిన కణాలే. జన్యువుల్లో వచ్చినదాన్ని మార్చలేం గానీ, ఈ భాగం మాత్రం మన చేతుల్లో ఉంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పింది ఇలాంటిదానికే.

మందులు సొంతంగా ఆపవద్దు

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన హెచ్చరిక ఒకటుంది. ఇలాంటి సంగతులు వినగానే కొందరు మందుల మీద అనుమానపడి మానేస్తారు. వాట్సాప్‌లో వచ్చే సగం వార్తలు దీనికి ఆజ్యం పోస్తాయి.

షుగర్‌కు ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ సంగతే చూడండి. డెన్మార్క్‌లో 1997 నుంచి 2016 దాకా పుట్టిన 11 లక్షలకు పైగా బిడ్డల రికార్డులు చూసి, గర్భం రావడానికి ముందు మూడు నెలల్లో తండ్రి మెట్‌ఫార్మిన్ వాడితే పుట్టుక లోపాలు 5.2 శాతం, సాధారణంగా 3.3 శాతం అని 2022లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ వార్త చాలామందిని భయపెట్టింది. తర్వాత 2024లో నార్వే, తైవాన్ రికార్డులతో ఒకటి, ఇజ్రాయెల్ రికార్డులతో ఒకటి వచ్చిన పెద్ద అధ్యయనాలు ఆ భయాన్ని బలపరచలేదు. మొదటి వార్త అందరికీ చేరింది, రెండోది చేరలేదు. మాత్ర ఆపేసి షుగర్ మూడువందలకు పెంచుకుంటే నష్టం ఖాయం.

మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ విషయం కొంచెం వేరు. గర్భం రావడానికి ముందు మూడు నెలల్లో తండ్రి ఈ మందు వాడితే బిడ్డ మానసిక ఎదుగుదలలో సమస్యల ముప్పు కొంత పెరగవచ్చని, అందుకు ముందు జాగ్రత్త పడాలని యూరప్ మందుల సంస్థ 2024 జనవరిలో చెప్పింది. అదే ఏడాది డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఆ ముప్పు కనబడలేదు. ఇంకా తేలని విషయం కాబట్టి డాక్టరుతో మాట్లాడి వేరే మందుకు మారవచ్చేమో అడగాలి. మన ఊళ్లోనే నిమ్హాన్స్ ఉంది, నాడీవ్యాధుల డాక్టర్లకు కొదవ లేదు. కానీ సొంతంగా ఆపితే ఫిట్స్ తిరగబెట్టి, బండి నడుపుతున్నప్పుడు వస్తే ప్రాణానికే ముప్పు.

క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టబోయే కుర్రవాళ్లు, మందు ఎక్కించకముందే వీర్యాన్ని భద్రపరచుకునే వీలు గురించి డాక్టరును అడగాలి. ఒంట్లో సత్తువ కోసమని, జిమ్ కోసమని టెస్టోస్టిరాన్ సూదులు వేసుకునేవాళ్లలో వీర్యకణాల తయారీ దాదాపు ఆగిపోవచ్చు. షుగర్ తగ్గుతుందని పేరు లేని పొట్లాల్లో అమ్మే చూర్ణాల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు. వాడుతున్నవేవైనా డాక్టరు బల్ల మీద పెట్టి చూపించండి.

అంటురోగాలు, వంశపు రోగాలు

క్షయ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1959లో బళ్లారి రోడ్డులో వెలసిన జాతీయ క్షయ సంస్థ మన ఊళ్లోదే, దేశమంతటా క్షయ నివారణ పథకం రూపొందడంలో దానిది పెద్ద పాత్ర. అయినా మన ఇళ్లలో ఆ పేరెత్తితే ఇంకా గొంతు తగ్గించే మాట్లాడతారు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న తండ్రి దగ్గితే ఆ గాలి ద్వారా పసిబిడ్డకు సోకవచ్చు. పసిబిడ్డల్లో అది మెదడు పొరలకు పాకే ప్రమాదం పెద్దల కంటే ఎక్కువ. తండ్రి మందులు మొదలుపెట్టి మానకుండా వాడాలి, డాక్టరు చెప్పేదాకా మాస్కు కట్టుకోవాలి, గదిలో గాలి ఆడాలి. బిడ్డకు పుట్టగానే బీసీజీ టీకా వేయించి, నివారణ మందు అవసరమా అని పిల్లల డాక్టరును అడగాలి. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వివరాలకు నిక్షయ్ ఉచిత ఫోను 1800-11-6666.

హెపటైటిస్ బి తండ్రికి ఉంటే భార్య పరీక్ష చేయించుకుని, లేకపోతే టీకా వేయించుకోవాలి. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి. హెచ్ఐవీ తల్లికి సోకకుండా తండ్రి నుంచి నేరుగా బిడ్డకు రాదు. తండ్రి మందులు సక్రమంగా వాడి వైరస్ పూర్తిగా అణిగి ఉంటే భార్యకు కూడా సోకదు. కాబట్టి దాచడం వల్లే ముప్పు, చెప్పడం వల్ల కాదు.

ఇక మేనరికాలు. తలసీమియా వంటి రక్తరోగాల్లో తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యంగా ఉంటూ లోపల ఆ లక్షణం మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ మేనకోడళ్లు, బావా మరదళ్లు రక్తం పంచుకున్నవాళ్లు కాబట్టి ఒకే లక్షణం ఇద్దరిలో ఉండే అవకాశం ఎక్కువ. మేనరికం చేసుకున్నవాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, మన తాతలంతా అలాగే చేసుకున్నారు. పెళ్లయిపోయినా, బిడ్డ కోసం ప్రయత్నించకముందు ఇద్దరూ ఒక రక్తపరీక్ష చేయించుకుంటే చాలా విషయాలు తేలతాయి.

నిందలు కోడలి మీదే ఎందుకు?

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాం. గర్భం నిలవకపోయినా, బిడ్డ కిలోన్నరతో పుట్టినా, అద్దాల పెట్టెలో పెట్టినా మన ఇళ్లలో మొదట వినబడే మాటలు కోడలి మీదే. సరిగా తినలేదంటారు, ఆఫీసు మానలేదంటారు, అడుగు పెట్టిన వేళ మంచిది కాదంటారు. బాలింత ఆ మాటలు విని కుమిలిపోతుంది. అదే సమయంలో కొడుకు షుగర్ రిపోర్టు బీరువాలో బట్టల కింద ఉంటుంది.

పెళ్లిచూపుల్లో గోత్రం అడుగుతాం, నక్షత్రం అడుగుతాం, జీతం కాగితం కూడా అడుగుతాం. షుగర్ ఉందా అని అడగం. అడిగినా చెప్పరు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారని సమర్థించుకుంటారు. ఆ అబద్ధాల బాకీ ఒక్కోసారి పసిబిడ్డ తీర్చవలసి వస్తుందని ఎవరూ ఆలోచించరు. పెళ్లయ్యాక కూడా భార్యకు తెలియకుండా మాత్రలు వేసుకునే అబ్బాయిలున్నారు. ఆమెకు తెలియదు కాబట్టి ఆమె డాక్టరుకూ తెలియదు.

అలాగని ఇప్పుడు నిందంతా అల్లుడి మీదికి మార్చమని మేము చెప్పడం లేదు. జబ్బు ఎవరూ కోరి తెచ్చుకోరు. ఒక్క బిడ్డ విషయంలో ఇది తండ్రి వల్లే, ఇది తల్లి వల్లే అని ఏ డాక్టరూ కచ్చితంగా తేల్చి చెప్పలేడు. మేము అడిగేది ఒక్కటే. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు పరీక్షలు, జాగ్రత్తలు కూడా ఇద్దరివీ కావాలి.

మీరు చేయవలసిన పని

బిడ్డ కావాలనుకున్న రోజునే, గర్భం రాకముందే, అబ్బాయి కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, బరువు చూపించుకోవాలి. మన పేటల్లో తెరిచిన నమ్మ క్లినిక్‌లలోనూ, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనూ బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 104కు ఫోను చేసి కన్నడలో అడగవచ్చు, మనకు అలవాటైన భాషే కదా.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని అబ్బాయి వివరాలు రాయండి. పేరు, వయసు, బరువు. ఉన్న జబ్బులు, ఎప్పటి నుంచి. వాడుతున్న మందుల పేర్లు, మోతాదు. చివరి పరీక్షల ఫలితాలు, తేదీలు. పొగ, మద్యం అలవాటు ఉంటే ఉన్నట్టు. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఉన్న వంశపు రోగాలు, మేనరికమైతే ఆ సంగతి. ఆ కాగితాన్ని కోడలి తాయి కార్డు, స్కానింగ్ రిపోర్టులు పెట్టే ఫైల్లోనే పెట్టండి. మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడే డాక్టరు ముందు తీయండి. వాణీ విలాస ఆసుపత్రికి వెళ్లినా, పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా కిటకిటలాడే జనంలో డాక్టరుకు అన్నీ అడిగే తీరిక ఉండదు. కాగితం ఉంటే ఒక నిమిషంలో చూస్తారు.

గర్భం వచ్చేసిన తర్వాత ఈ వ్యాసం చదివినవాళ్లు బెంగ పెట్టుకోవద్దు. తండ్రికి ఈ జబ్బులున్నాయని తెలిస్తే డాక్టరు తల్లి బీపీ, బిడ్డ ఎదుగుదల అవసరమైతే ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తారు. నెలనెలా చూపించుకోవడం మానకుండా, తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు వాయడం, బిడ్డ కదలిక తగ్గడం కనబడితే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో పొగ ఈరోజే ఆపండి.

అత్తలకు, మామలకు, మా వయసు వాళ్లందరికీ ఒక విన్నపం. కోడలికి ఇష్టమైనవి వండి పెట్టండి, సీమంతం ఘనంగా చేయండి. దానితో పాటు కొడుకును కూడా ఒక్క మాట అడగండి, "నీ షుగర్ ఎంతుందిరా, చూపించుకున్నావా?" అని. తండ్రి కాబోయేవాడికి మనం ఇవ్వగల సలహాల్లో దీనికంటే ఉపయోగపడేది లేదు.

మా సంఘం వచ్చే ఆరోగ్య శిబిరంలో కొత్తగా పెళ్లయిన జంటలకు విడిగా ఒక బల్ల వేయాలని అనుకుంటున్నాం. జంటగా రండి, ఇద్దరూ చూపించుకోండి. వివరాలు ఎవరికీ చెప్పం, కాగితం మీ చేతికే ఇస్తాం.